ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు

మన కోనసీమలో నీటిని చూడని దినము లేదు. కాలువగట్టున నడచి బడికి వచ్చు బాలురు, రేవు దాటి సంతకు పోవు పెద్దలు, గౌతమి, వసిష్ఠ, వైనతేయములలో ఏదో యొక పాయ ప్రక్కన నివసించువారే మనలో ననేకులు. ఐనను ప్రాతఃకాలమున ఆ నీటి రంగేమి, మధ్యాహ్నమున నేమి, ఆషాఢమున నేమి, మాఘమున నేమి యని యెవరైన నడిగినచో తడుముకొనక చెప్పగలవారు కొలదిమందియే యుందురు. నిత్యము చూచు వస్తువును మనము చూడనే చూడము. అట్టి చూపును ఎక్కడనో సముద్రములకావల నేర్చుకొని, గోదావరి గట్టునకు వచ్చి, ఇక్కడి పిల్లలకు దాని రుచి చూపిన యొక ఉపాధ్యాయుని జీవితమును ఇచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాను. ఆయన చిత్రకారుడే గాని, చిత్రలేఖనమున జీవనము గడపినవాడు కాడు. పాఠములు చెప్పి, కళాశాలను నడపి, మిగిలిన గడియలలో మాత్రమే కుంచె పట్టినవాడు.

ఆస్వాల్డు జెన్నింగ్సు కూల్డ్రే 1882వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి ఆబింగ్డను అను చిన్న పట్టణమున జన్మించెను. ఆనాడా పట్టణము బర్కుషైరు మండలములోనిది. 1974 నుండి ఆక్సుఫర్డుషైరులో చేరినది. అది థేమ్సు నది గట్టున నున్నది. థేమ్సు అనగానే మన విద్యార్థులకు లండను నగరపు ఓడలును, పెద్ద వంతెనలును స్ఫురించును. కాని ఆబింగ్డను వద్ద ఆ నది మందగమనముతో పారు చిన్నయేరు మాత్రమే. గట్టున పచ్చిక బయళ్లు, పాత రాతివంతెన, చెట్లమీదుగా కనిపించు దేవాలయ శిఖరము, ఇంతియే ఆ యూరి శోభ. గోదావరితో పోల్చిన మన పంట కాలువకన్న నది ఎంతో పెద్దది కాదు. ఐనను నీటిపై వెలుగు ఆడుట చూచి ఆనందించుటకు అంత నీరు చాలును. బాలుడు కూల్డ్రే స్వగ్రామపు పాఠశాలలోనే చదివి, పిమ్మట ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున పెంబ్రోకు కళాశాలలో చేరెను. ఆంగ్ల నిఘంటువును కూర్చిన జాన్సను పండితుడు 18వ శతాబ్దమున కొంతకాలము చదివిన కళాశాల యదియే.

ఆ దేశమున నీటిరంగులతో ప్రకృతిదృశ్యములను వ్రాయుట చాలకాలముగ వాడుకలో నున్న విద్య. దానికి పెద్ద సరంజామా యక్కరలేదు. ఒక కాగితపు అట్ట, చిన్న రంగులపెట్టె, రెండు మూడు కుంచెలు, చెంబెడు నీళ్లు ఉన్న చాలును. తైలవర్ణ చిత్రములలో వెలుగు కావలసినచోట తెల్లరంగు పూయుదురు. నీటిరంగులలో అట్లు కాదు. కాగితపు తెలుపే వెలుగు. చిత్రకారుడు దానిని ఎక్కడ మిగుల్చవలెనో ముందే నిశ్చయించుకొని, అంతవఱకు రంగును పోనీయక కాచుకొనవలెను. ఒకసారి తడిరంగు పడిన తరువాత దిద్దుట కష్టము. కావున ఈ పని త్వరగా, నిబ్బరముగా, తప్పులేక సాగవలెను. ఉద్యోగస్థులకు, అధ్యాపకులకు, యాత్రికులకు ఈ విద్య అనుకూలించుటకు కారణమిదియే. సాయంకాలము గంటసేపు దొరికిన ఒక చిత్రము ముగియును.

ఆ కాలమున ఐరోపాఖండపు చిత్రకళలో గొప్ప మార్పు జరుగుచుండెను. కూల్డ్రే పుట్టుటకు 8 సంవత్సరములకు పూర్వము, 1874లో, ఫ్రాన్సుదేశపు రాజధాని పారిసులో కొందఱు యువకులు తమ చిత్రములను తామే ప్రదర్శించిరి. మోనే అను నతడు సూర్యోదయవేళ ఓడరేవును వ్రాసి, తన చిత్రమునకు ఇంప్రెషన్ అనగా మనస్సుపై పడిన ముద్ర యని పేరుపెట్టెను. దానిని పట్టుకొనియే పరిహాసకులు వారికందఱకు ఇంప్రెషనిస్టులని పేరుపెట్టిరి. వెక్కిరింతగా పెట్టిన ఆ పేరే తరువాత వారికి కీర్తినామమైనది. వీరు గదిలో కూర్చుండి వ్రాయుట మాని, తగరపు గొట్టములలో రంగులు నింపుకొని, ఆరుబయటికి పోయి, ఆ గడియలో కనబడు వెలుగును ఆ గడియలోనే పట్టుకొనుటకు యత్నించిరి. నీడ నల్లగా నుండదనియు, అందు నీలము, ఊదా, ఆకుపచ్చ దాగియుండుననియు లోకమునకు చూపించిరి. స్కాట్లండులో గ్లాస్గో పట్టణపు యువచిత్రకారులును, ఇంగ్లండులో మఱికొందఱును ఆ త్రోవ పట్టిరి. కూల్డ్రేను ఆ పక్షమువారిలో చేర్చి లెక్కించుట నా యుద్దేశము కాదు. కాని ఆయన పెరిగిన కాలపు గాలియే యట్టిది. వస్తువుకన్న వస్తువుపైబడు వెలుగే చిత్రకారునికి విషయమని చెప్పు గాలి యది.

ఇండియా విద్యాశాఖలో ఉద్యోగము స్వీకరించి కూల్డ్రే మన దేశమునకు వచ్చెను. 1909లో రాజమహేంద్రవరపు ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను. అప్పటికాయన వయస్సు 27 సంవత్సరముల ప్రాంతము. ఉత్తర సర్కారులలో ప్రసిద్ధికెక్కిన విద్యాలయములలో నది యొకటి. అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకాలనుండి అక్కడికి చదువబోవు పిల్లలు కాలువలపై పడవలెక్కి, లాకులు దాటుచు, ధవళేశ్వరము మీదుగా చేరవలసియుండెను.

ఆయన వచ్చిన సమయము మంచిది కాదు. రెండేండ్ల క్రితమే, 1907లో, బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు పోగా, అప్పటి ప్రధానాచార్యుడు మార్కు హంటరు దొర వారిని కఠినముగ శిక్షించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అప్పుడే ట్రైనింగు కళాశాలనుండి బహిష్కృతులైరి. తెల్లదొర యనగానే విద్యార్థుల మనస్సున అనుమానమును, విద్యార్థి యనగానే దొరల మనస్సున భయమును ఉండిన దినములవి. అట్టి చోట కూర్చున్న క్రొత్త ప్రధానాచార్యుడు ఇంకను గట్టిగా బిగించియుండిన ఎవరును ఆశ్చర్యపడియుండరు. ఈయన వేరొక త్రోవను పోయెను. పిల్లలలో ఎవడు పద్యములు వ్రాయుచున్నాడు, ఎవడు గోడలమీద బొమ్మలు గీయుచున్నాడు అని వెదకుట మొదలుపెట్టెను.

రాజమహేంద్రవరము వద్ద గోదావరి వెడల్పు రెండు మైళ్లకు కొంచెము తక్కువ. 1900లో తెఱచిన హేవలాకు వంతెన 56 ఖానాలతో ఆ నదిని దాటుచుండెను. 1997 వఱకు రైళ్లు దానిమీదనే నడచినవి. ఎగువను పాపికొండల నడుమ నది ఇరుకై, లోతై, నల్లగా నుండును. పట్టణమునొద్ద కొండలను విడిచి విశాలముగ పరచుకొనును. దిగువను ధవళేశ్వరమున కాటను దొర 1852లో ముగించిన ఆనకట్టనానుకొని నిలిచి అద్దమగును. తొలకరిలో ఎఱ్ఱమట్టి కలిసి కావిరంగు, శరత్తున తేరి ఆకాశపు నీలము, వేసవిలో తెల్లని ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలు. థేమ్సు గట్టున చిన్న వెలుగులను చూచుటకు అలవాటుపడిన కన్నులకు ఈ నది ఎట్లు కనబడియుండునో మీరే ఊహింపుడు. కూల్డ్రే తన తీరికకాలమంతయు ఈ నదికిని, దాని గట్టు పల్లెలకును అర్పించెను. తాను చూచినవానిని కొన్నిటిని రంగులలోను, కొన్నిటిని మాటలలోను వ్రాసికొనెను.

ఇంగ్లీషు నీటిరంగులు చల్లని, తేమగల దేశమున పుట్టిన విద్య. అక్కడ తడి మెల్లగా ఆరును. వైశాఖమాసపు రాజమహేంద్రవరములో కుంచె ఎత్తులోపలనే రంగు ఎండిపోవును. అక్కడి సూర్యుడు మేఘముల చాటున నుండి వెలుగును వడగట్టి పంపును. ఇక్కడ మిట్టమధ్యాహ్నమున రంగులన్నియు వెలవెలపోవును. కావున ఈ దేశమున ప్రకృతిదృశ్యములను వ్రాయువారికి ఉదయమును, సాయంకాలమునే శరణ్యము. కళాశాల గంటకు ముందును, తరువాతను మిగులు కాలమును అదియే గదా! ఉద్యోగము ఆయనకు వదలిన గడియలును, ఈ ఎండ చిత్రకారునికి వదలు గడియలును ఒకటియే యగుట విచిత్రము.

అప్పుడు మన దేశపు చిత్రకళ ఏ స్థితిలో నుండెనో తెలిసికొనకున్న కూల్డ్రే చేసిన పని విలువ తెలియదు. 1906లో గతించిన రవివర్మగారి దేవతల పటములు అచ్చై ఇంటింటి గోడలను అలంకరించినవి. ప్రభుత్వ చిత్రకళాశాలలలో గ్రీకు విగ్రహముల సున్నపు నకళ్లను ఎదుట పెట్టి, వానిని చూచి వ్రాయించుచుండిరి. మదరాసు కళాశాలలో పనిచేసి, 1896లో కలకత్తాకు మారిన హావెలు దొర మాత్రము ఈ పద్ధతి తప్పనియు, భారతీయులకు భారతీయ చిత్రకళయే మూలమనియు వాదించుచుండెను. అవనీంద్రనాథ టాగూరుగారు ఆయనకు తోడైరి. 1909 నుండి 1911 వఱకు హెరింగుహాము అను ఆంగ్లేయ స్త్రీ నందలాల్ బోసు మొదలగు వంగ యువకుల సహాయముతో అజంతా గుహలలోని చిత్రములకు నకళ్లు వ్రాయించెను. ఈ చర్చలన్నియు కలకత్తాలోను, బొంబాయిలోను జరుగుచుండెనే గాని ఆంధ్రదేశమున చిత్రకళకై ఒక పాఠశాలగాని, ఒక ప్రదర్శనశాలగాని లేదు. బొమ్మలు వేయు కుఱ్ఱవాడు చదువు చెడిన కుఱ్ఱవాడనియే తలిదండ్రుల యభిప్రాయము. ఈ యభిప్రాయము నేటికిని పూర్తిగా పోలేదని కొందఱు తలిదండ్రులు నన్ను మన్నించినచో చెప్పుదును.

అట్లు చదువుపై కంటె బొమ్మలపై మనస్సుండిన బాలుడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. అతని చేతిలోని శక్తిని కూల్డ్రే కనిపెట్టి చేరదీసి, రంగులు కలుపు రీతియు, కంటికెదుట నున్నదానిని సరిగా చూచు రీతియు చెప్పెను. పశ్చిమగోదావరి ప్రాంతమునుండి వచ్చిన అడివి బాపిరాజుగారును, కవికొండల వెంకటరావుగారును ఆ చుట్టు చేరినవారే. ఒకడు కవి, ఒకడు చిత్రకారుడు, ఒకడు రెండును. ఈ బాలురకు ప్రధానాచార్యుని యిల్లు మఱియొక తరగతి గదివంటిదైనది. పరీక్షలు లేని తరగతి యది.

ఇచ్చట నొక విషయమును నిదానించి చూడవలయును. తాను నేర్చినది ఆంగ్లేయుల నీటిరంగుల విద్య. శిష్యులచేత దానినే వ్రాయించి, థేమ్సు గట్టు చిత్రములకు నకళ్లు తీయించుట గురువునకు సులభము. అందువలన గురువునకు సంతోషమును, కీర్తియు కలుగును. కూల్డ్రే అట్లు చేయలేదు. శిష్యులను అజంతా వైపు త్రిప్పెను. దామెర్ల రామారావును ఆ గుహలను చూచుటకు వెంటబెట్టుకొని పోయెను. ఆ గుహలు అప్పటి నిజాము రాజ్యములోనివి. వేయేండ్లకు పైగా అడవిలో మఱుగుపడియుండి, 1819లో వేటకు పోయిన యొక ఆంగ్లేయ సైనికోద్యోగి కంటబడినవి. చీకటి గోడలపై దీపము ఎత్తి పట్టినచో కనబడు ఆ రాజపుత్రులు, ఏనుగులు, పద్మములు ఏ సున్నపు విగ్రహమును చూచి వ్రాసినవి కావు. ఆ చిత్రములలో గీతయే ప్రాణము. దేహపు వంపును, చేతివ్రేళ్ల ముద్రను ఒక్క రేఖతో పలికించుట పడమటి నీటిరంగులకు తెలియని విద్య. వెలుగును చూచుట తననుండి నేర్చుకొనవలెను, గీతను మీ పూర్వులనుండి నేర్చుకొనవలెను అనునదియే ఆ గురువు చేతలకు అర్థముగ నాకు తోచుచున్నది.

అంతటితో ఊరకుండక, రామారావునకు క్రమమైన శిక్షణ కావలెనని తలచి, 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు పంపుటకు కూల్డ్రేయే ముఖ్య కారకుడయ్యెను. పంపుటయే కాక సహాయమును చేసెను. రాజమహేంద్రవరమున పట్టాచదువు మాన్పించి చిత్రలేఖనమునకు పంపుట ఆ కాలమున ఎంత సాహసమో చెప్పనక్కరలేదు. ఒక కళాశాల ప్రధానాచార్యుడే తన విద్యార్థికి, నీకీ కళాశాల తగదు, వేరొకచోటికి పొమ్మని త్రోవచూపుట మఱింత సాహసము.

ఆ కళాశాలలో ఆ దినములందే సర్వేపల్లి రాధాకృష్ణగారును కొలదికాలము తత్త్వశాస్త్రాధ్యాపకులుగ నుండి, 1918లో మైసూరునకు వెడలిరి. విద్వాంసులు, కవులు, చిత్రకారులు చేరిన ఆ చోట కూల్డ్రే ఇంకను చాలకాలము పనిచేసియుండవలసినదే. కాని ఆయనకు చెవుడు వచ్చినది. పాఠము చెప్పువానికి విద్యార్థి ప్రశ్న వినబడనిచో పాఠము సగమే జరుగును. కన్నులు చక్కగా నుండియు చెవులు సహకరింపకపోవుటచే 1919లో, 40 ఏండ్లయినను నిండకుండగనే, ఉద్యోగము వదలి స్వదేశమునకు మరలెను. ఆయన రాజమహేంద్రవరమున నుండినది 10 సంవత్సరములు.

గురువు వెడలిన పిమ్మట శిష్యుడు తిరిగివచ్చెను. బొంబాయి విద్య ముగించుకొని రామారావు పెద్ద నగరములలో నిలువక రాజమహేంద్రవరమునకే వచ్చి చిత్రకళాశాలను స్థాపించెను. ఋష్యశృంగ బంధనమను అతని చిత్రము 1922లో కలకత్తా ప్రదర్శనమున రాజప్రతినిధి బహుమానమును పొందినది. 1924లో లండను నగరమునొద్ద వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమునకును అతని చిత్రములు వెళ్లినవి. పుష్పాలంకారము, నంది పూజ, సిద్ధార్థ రాగోదయము మొదలగువానిలో అజంతా గీతయును, తెలుగు స్త్రీల కట్టుబొట్టులును కలిసియున్నవి. ప్రకృతిదృశ్యములలో గోదావరి వెలుగు ఉన్నది. భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనము నేర్చిరి. స్త్రీలు కుంచె పట్టుట అరుదైన ఆ దినములలో అది చిన్న విషయము కాదు. ఇంతలో మశూచికము వచ్చినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన, 28 ఏండ్లు నిండుటకు ఒక నెల యుండగా, రామారావు మరణించెను. అతని మిత్రుడు వరదా వెంకటరత్నముగారు ఆ చిత్రకళాశాల భారమును పైన వేసికొని నడపిరి. ఇప్పుడు రాజమహేంద్రవరమున రామారావు పేర వెలసిన చిత్రశాలలో అతని చిత్రములు కలవు. అక్కడికి పోవు విద్యార్థులు దేవతల చిత్రములముందు మాత్రమే నిలిచి రాక, గోదావరి చిత్రములముందును కొంతసేపు నిలువవలెనని నా కోరిక. ఆ నీటిపై తెలుపు ఎక్కడెక్కడ ఎట్లు మిగిలినదో గమనింపుడు.

రెండవ శిష్యుడు బాపిరాజుగారు న్యాయశాస్త్రపట్టము పొంది కొంతకాలము వకీలుగ నుండిరి. కాని ఆ వృత్తి ఆయనకు పట్టుబడలేదు. బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుని వద్ద చిత్రలేఖనము నభ్యసించి, 1934 నుండి 1939 వఱకు ఆ కళాశాలకే అధ్యక్షులుగ నుండిరి. నారాయణరావు అను వారి నవలకును, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలకును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచియిచ్చిన సంగతి పెద్దలెఱుగుదురు. ఆ నవలలోని కథానాయకుని స్వగ్రామము మన కొత్తపేటయే. కోనసీమ తోటలును, కాలువలును, పెండ్లిండ్లును అందు చిత్రపటములవలె కనబడుటకు కారణము వ్రాసినవాడు చిత్రకారుడగుటయే. ఆయన మాటలతో వ్రాయునప్పుడును రంగుల పేర్లు, వెలుగు నీడల భేదములు విడువడు. కవికొండలవారు ఉపాధ్యాయవృత్తిలో నుండుచునే తెలుగున గేయములును, కథలును వ్రాసిరి. ఆయనదియు తీరికవేళల సాహిత్యమే. ఆ లక్షణము గురువునుండియే సంక్రమించినదేమో!

కూల్డ్రే స్వదేశమునకు పోయి గోదావరిని మఱచినవాడు కాడు. ఇచ్చట నుండగనే 1914లో ఒక కథల సంపుటిని ప్రకటించియుండెను. 1920లో వెలువడిన పద్యసంపుటికి థేమ్సు అండ్ గోదావరి యని పేరుపెట్టెను. ఒకే అట్టమీద ఆ రెండు నదుల పేర్లు చేరుట అది మొదటిసారియేమో. 1924లో సౌతిండియన్ అవర్సు అను గ్రంథమును, తాను వ్రాసిన చిత్రములతోడనే, ప్రకటించెను. నది, పడవలు, పల్లెలు, ఆలయములు, జనుల నడవడి అందు వర్ణితములైనవి. ఇప్పుడా పుస్తకమును చదువువారికి కొన్నిచోట్ల దూరదేశపువాని వింతచూపు కనబడును. మన ఆచారములు కొన్ని ఆయనకు వేడుకవస్తువులుగ తోచినవి. పాలకజాతివాడు పాలితజాతిని చూచు చూపునుండి ఎంత మంచివాడైనను పూర్తిగా తప్పించుకొనుట కష్టము. కాని చెట్టు, నీరు, వెలుగు వర్ణించుచోట్ల ఆ దూరము కనబడదు. అక్కడ ఆయన గోదావరివాడే.

ఈ దొరగారివలననే ఆంధ్రదేశమున నవీన చిత్రకళ పుట్టినదని కొందఱు వ్రాయుదురు. అంత మాట నేననను. దామెర్ల రామారావు కూల్డ్రే కంటబడుటకు ముందే బొమ్మలు వేయుచుండెను. బాపిరాజుగారికి బందరున వేఱు గురువు దొరికెను. అజంతా గోడలు ఎవ్వరు చూపకున్నను అక్కడనే యున్నవి. కాని 1909లో రాజమహేంద్రవరమున, ఆ బాలుడు గీసిన బొమ్మను చూచి, ఇది చదువు చెడుట కాదు, ఇదియే నీ చదువు అని నిశ్చయముగ తలచి, దానికి కావలసినది చేయుటకు అధికారమును, మనస్సును రెండును గల మనుష్యుడు ఆయన యొక్కడే యుండెను. పూర్తికాలపు చిత్రకారుడైయుండిన తన చిత్రములనే చూచుకొనియుండెడివాడేమో. బడిపంతులు మాత్రమే యైన ఆ బొమ్మను గుర్తించలేకపోయెడివాడేమో. ఆయన రెండును సగము సగము.

ఆబింగ్డనులో స్థిరపడిన పిమ్మట ఆయన తన చిన్ననాటి నదినే మరల వ్రాయుచు, వార్ధక్యమునందును కథలు, పద్యములు ప్రకటించుచు చాలకాలము జీవించెను. తన ప్రియశిష్యుడు రామారావు పోయిన తరువాత 33 సంవత్సరములు, బాపిరాజుగారు 1952లో పోయిన తరువాత 6 సంవత్సరములు బ్రదికి, 75 ఏండ్లు దాటిన వయస్సున, 1958వ సంవత్సరమున కాలధర్మము నొందెను.